వెనక టైరు గాలి ఎటు పోతుండె

మా బాపు మోటర్ సైకిలు కొన్నది అమ్మ కోసమే. ఆ మాట ఎప్పుడు నోటితోని అనలేదు గని ఇంట్ల అందరికి ఎరికే. అప్పుడు మేము నాందేడ్‌ల ఇత్వారా దిక్కు కిరాయి ఇంట్ల ఉంటుంటిమి. బాపుది జిల్లా పరిషత్ ఆఫీసుల గుమాస్తా నౌకరి. నేను కాలేజీల కొత్తగ చేరిన.

అమ్మ తల్లిగారి ఊరు బిలోలి సడక్ మీదికెల్లి చానా లోపట ఉంటది. బస్సు ఫాటా కాడ, ఊరి బాట చీలే జాగల, దించి పోతది. అక్కడికెల్లి చేన్ల నడుమ బండ్ల బాట పట్టుకోని నడిచి పోవుడే. అమ్మమ్మకు కండ్లు కనబడుడు బందైనంక అమ్మ ప్రతి ఐతారం పోతుండె. మా మామ, అత్త బాగనే చూసుకుంటుండ్రి. అయినా తలకు పోసుకునుడు మాత్రం బిడ్డ చేత్తోనే కావాలె అమ్మమ్మకు. అమ్మ పొద్దున పోయి, ఆమెకు తల రుద్ది పోసి, జడేసి, మాపటికి ఇల్లు చేరుతుండె. చేరినంక కాళ్లు చాపుకోని గోడకు ఆనుకుంటే, బువ్వ ఒండే శక్తి కూడ ఉండకపోతుండె. అది చూడలేకనే బాపు తోటి ఆఫీసాయన దగ్గర పాత బండి కొన్నడు.

మొదట్ల అమ్మకు బండంటే భయం. ఒక చెయ్యి బాపు భుజం మీద, ఒక చెయ్యి సీటు కింది ఇనుము మీద పెట్టి, కండ్లు మూసుకోని కూసుంటుండె. పోను పోను కండ్లు తెరిచింది. పత్తి చేన్లు ఎట్లున్నయో, ఏ వాగుల నీల్లున్నయో ఇంటికచ్చి మాకు చెప్తుండె. అమ్మకు ఒక్కటే బాధ, నడుము. ఎప్పుడో బాయి గచ్చు మీద జారి పడ్డదట, అప్పటికెల్లి నడిస్తే ఏం కాదు గని కుదుపు తగిలితే పానం పోయినట్టయితుండె. అయినా బండి మీద పోయేటప్పుడు ఎన్నడు ఆ ముచ్చట తీయలేదు. బాపు మనసు కష్టపెట్టుకుంటడని కావచ్చు.

ఇగ ఎండకాలం మొదలైందో లేదో, వెనక టైరుల గాలి దిగుడు షురువైంది. ఒక్కపారి దిగిపోతే పంచరు అనుకుంటం. ఇది అట్ల కాదు. మాపటికి బాగనే ఉంటది, పొద్దున లేచి చూస్తే మెత్తగ అయి ఉంటది. గాలి కొట్టిస్తే కొన్ని దినాలు ఆగి మల్ల అదే కథ.

బాపుకు ముందుగాల షక్ అచ్చింది ఇంటి మాలకురాలి మనుమల మీద. ఆమె మరాఠీ ముసలామె, మేము ఆజీ అని పిలుస్తుంటిమి. మనుమలు వానరాల తీరు ఉంటుండ్రి, వాల్లే పిన్ను నొక్కి గాలి తీస్తుండ్రని బాపు నమ్మకం. ఎవ్వరిని ఏం అనక, రాత్రి బండిని లోపటి వసారల పెట్టి గొళ్లెం పెట్టిండు. తెల్లారి చూస్తే గొళ్లెం పెట్టినట్టే ఉంది, టైరు దిగినట్టే ఉంది. ఆ దినం బాపు ఆఫీసుకెల్లి అచ్చేటప్పుడు ఆ పోరగాండ్లకు చిక్కీలు తెచ్చిచ్చిండు. ఎందుకిస్తుండో వాల్లకు తెల్వదు, ఆజీకి తెల్వదు. అమ్మ మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకోని లోపటికి పోయింది.

పంచర్ దుకానంల చూపిచ్చిండు. ఆయన ట్యూబు బయటికి తీసి, గాలి నింపి, నీల్లల్ల ముంచి, అంతట తిప్పి చూసిండు. ఒక్క బుడగ రాలేదు. పిన్ను కొత్తది ఏసి మల్ల ఎక్కిచ్చి పంపిండు. కొన్ని దినాలు బాగనే ఉంది. బాపు సంబరపడ్డడు. ఆ సంబరంలనే ఐతారం అమ్మను ఎక్కిచ్చుకోని పోయిండు. తిరిగి అచ్చేటప్పుడు బండ్ల బాట నడుమ టైరు పూర్తిగ దిగింది. బాపు బండి నూకుకుంట, అమ్మ ఎనక నడుసుకుంట ఎర్రటి ఎండల ఫాటా దాంక అచ్చిండ్రు. అమ్మ బస్సు ఎక్కి ఇంటికి అచ్చింది. బాపు ఎవరిదో లారీల బండి ఏసుకోని పొద్దు గూకినంక అచ్చిండు. అమ్మ కోపం చెయ్యలేదు గని, ఇగ మీదట బస్సు మీదనే పోత అన్నది.

బాపుకు ఆ మాట తగిలింది. అమ్మ బస్సుల పోయిన ఐతారం ఆయన ఇంట్ల ఒక్క జాగ కూసోలేకపోయిండు. మాపటికి అమ్మ అచ్చే బస్సుకు రెండు మూడు బస్సుల ముందుగాలే పోయి బస్సు అడ్డా మీద నిలబడ్డడు.

ఆ వారం సెలవు దినం చూసి, టైరు సంగతి తానే తేలుస్తనని వసారల కూసున్నడు. ఇనుప పట్టీలతోని తంటాలు పడి టైరు ఇప్పి ట్యూబు తీసిండు. నీల్లకు గంగాళం కావాలన్నడు. అది అమ్మ కాపురానికచ్చేటప్పుడు తెచ్చుకున్న ఇత్తడి గంగాళం. గీతలు పడుతయేమోనని అమ్మ ఇయ్యనన్నది, ఆఖరికి ఇచ్చింది గని పక్కనే పీట ఏసుకోని కావలి కూసున్నది. నేను పంపు కొట్టిన. బాపు ట్యూబును జర జర ముంచుకుంట, ముక్కు నీల్లకు తగిలేటట్టు వంగి చూసిండు. ఒక్క బుడగ లేదు. గాలితోనే ట్యూబును మేకుకు తగిలేసి పెట్టిండు. తెల్లారి చూస్తే గట్టిగనే ఉంది.

బయట ఉంటే దిగదు, టైరు లోపట ఉంటే దిగుతది. బాపు చాయ తాగుడు మరిచిపోయి దాన్నే చూసుకుంట కూసున్నడు. అమ్మ గిన్నెలు తోమి అచ్చి, చేతులు తుడుసుకుంట అడిగింది:

"బండికి ఉన్నప్పుడు ఆ గాలి కొట్టే నల్లి ఒంకరగ ఉంటుండె గదా. ఇప్పుడు సక్కగ ఎట్లుంది?"

బాపు ఆమె దిక్కు చూసి, మల్ల ట్యూబును గంగాళంల ముంచిండు. నల్లిని ఏలుతోని ఒక పక్కకు వంచిండు. దాని మొదట్లకెల్లి, రబ్బరుకు అతికిన కాడికెల్లి, ఆవగింజలంత బుడగలు వరుసగ పైకి అచ్చినయి. ఇడిచిపెడితే బందైనయి. మల్ల వంచితే మల్ల అచ్చినయి. మేము ముగ్గురం గంగాళం మీద వంగి చానాసేపు అదే ఆట చూసినం. బాపు మొఖం ఎలిగిపోయింది.

అది ఎందుకు ఒంకర అయితదని నేను అడిగిన. టైరుల గాలి తక్కువుంటే బ్రేకు కొట్టినప్పుడల్లా టైరు రిమ్ము మీద జరుగుతదని, దానితోని ట్యూబు జరుగుతదని, నల్లి రంధ్రంల ఇరికి ఉంటది కాబట్టి వంగి మొదట్ల చీలుతదని బాపు ఉషారుగ చెప్పిండు. మరి మనం ప్రతి వారం గాలి కొట్టిస్తం గదా, తక్కువ ఎట్లుంటదన్న నేను. బాపు గంగాళం నీల్లల్ల చేతులు కడుక్కున్నడు. కడిగిన చేతులే మల్ల కడిగిండు.

"ఐతారం ముందు నేనే జర తీస్తుంటి," అన్నడు. "గట్టిగుంటే బాట మీద ఎగురుతది. మీ అమ్మ నడుము..."

అన్ని దినాలు అమ్మ నొప్పి దాసిపెట్టింది, ఆయన అది చూడనట్టే ఉండి గాలి తీసిండు. ఇద్దరికి ఇద్దరు ఏం తెల్వనట్టు అదే బండి మీద పోయి అచ్చిండ్రు. తర్వాత అమ్మ గంగాళం తీసుకోని నీల్లు తులసి మొదట్ల పోసి, లోపటికి పోకుంట గడప కాడనే నిలబడి అన్నది:

"నిండ గాలి కొట్టియ్యి. గుంతలచ్చిన కాడ దిగుత. దిగితే నా ఇజ్జత్ ఏం పోదు."

నల్లి మొదట్ల పడ్డ చీలికకు అతుకు నిలవదని పంచరాయన చెప్పిండు. కొత్త ట్యూబు ఏపిచ్చినం. ఆ ఐతారం ఇద్దరు మల్ల బండి మీద బయలుదేరిండ్రు.

ఒకపారి నేను కూడ అమ్మమ్మను చూద్దామని ముందే బస్సుల పోయిన. మామ చేను గట్టు మీద కూసోని బాట దిక్కు చూస్తుంటే దూరంకెల్లి దుమ్ము కనబడ్డది. కల్వర్టు కాడ దుమ్ము ఆగింది. అమ్మ దిగింది. కుచ్చిల్లు జర ఎత్తి పట్టుకోని విరిగిన రాళ్లు దాటి నడిసింది. బాపు బండిని మెల్లగ, ఖాళీగ, ఎగిరెగిరి దాటిచ్చి అవుతల నిలబడ్డడు. అమ్మ ఎక్కింది. జర దూరం అచ్చి వాగు కాడ మల్ల ఆగిండ్రు. అట్ల ఆగుకుంట, దిగుకుంట, ఎక్కుకుంట అస్తుంటే బస్సు దిగి నడిచేటోల్లు ఇద్దరు ముగ్గురు వాల్లను దాటి ముందుకు పోయిండ్రు. బాపుకు అదేం నామోషీ అనిపియ్యలేదు. దగ్గరికచ్చినంక ఇన్న, ఆయన ఆఫీసు ముచ్చట ఏదో చెప్తుండు, అమ్మ వెనకకెల్లి అదెందుకు ఇదెందుకని ఒకటెనక ఒకటి అడుగుతుంది.

ఇంటి ముందట అమ్మమ్మ మంచం మీద కూసోని ఉంది. బండి చప్పుడు ఇనంగనే ఆమె జడ ముడి ఇప్పుకుంట, నీల్లు కాగినయా అని అత్తను అడిగింది.