సాలమ్మ రాయించిన వాక్యం

నాచారం నాలా పక్క బస్తీలో వాన ముదిరితే పిల్లలూ కోడళ్లూ మౌలాలి చుట్టాల ఇళ్లకు పోతారు. ఇంటికొకరు మాత్రం కదలరు. సాలమ్మ ఇంట్లో ఆ ఒకరు సాలమ్మే. అరవై రెండేళ్లు, ఆకుకూరల గంప, రెండు రేకుల గదులు. తాళం పడ్డ ఇంటిని నాలా స్థలమంటూ అధికారులు కూలగొట్టిపోతారని ఆమె భయం. పోయినేడు నడుములోతు నీళ్లొచ్చినా మంచం మీద కుర్చీ వేసుకుని కూర్చుంది తప్ప గడప దాటలేదు.

అందుకే సూర్యకళ వచ్చినప్పుడు సాలమ్మ ముందుగా ఆమె చెప్పులు చూసింది. బురద అంటలేదు. ఇదివరకు ఇళ్లు కొలవడానికి వచ్చినవాళ్ల చెప్పులూ అట్లాగే ఉన్నాయి.

"కొలవడానికి కాదమ్మా," అంది సూర్యకళ. ఉప్పల్‌లో వాన లెక్కలు చూసే ఉద్యోగిని. "వానొస్తే ఒక ఆఫీసు ఆరెంజ్ అలర్ట్ అంటుంది, ఇంకొకటి జాగ్రత్త అంటుంది. ఇకనుంచి అందరం ఒకే మాటలు వాడాలని రాస్తున్నాం. ‘సిద్ధం’ అంటే సామాను సర్దుకోవడం. ‘కదలండి’ అంటే నీళ్లు రాకముందే బడికి చేరడం."

"మరి నా ఇంటి నంబరెందుకు రాస్కుంటున్నవ్?"

"ఎంతమంది ఉన్నారో తెలియాలిగా."

"అందరు గట్లనే అంటరు."

పక్కింటి భూపాల్ నవ్వాడు. "అత్తా, మేడం నీ తోటకూర కట్టలు గూడ రాస్కపోతది సూడు!"

"నోర్ముయ్‌రా, నీ పేరే ముందుగాల రాయిస్త." సాలమ్మ సూర్యకళ వైపు తిరిగింది. "బడికి పోయినంక?"

"అంతే."

"మల్ల ఇంటికొచ్చుడు ఏడ రాసినవ్?"

సూర్యకళ కాగితాలన్నీ తిరగేసింది. ఎక్కడా లేదు.

"వాన తగ్గినంక ఎవరింటికి వాళ్లు వచ్చుడు గూడ ‘కదలండి’లనే ఉండాలె. గది రాసి సంతకం పెట్టు."

"నా ఒక్కదాని సంతకం చెల్లదమ్మా. పైవాళ్లు ఒప్పుకోవాలి."

చెల్లుతుందని అబద్ధమాడలేదు కాబట్టి సాలమ్మ ఆమెకు చాయ్ పోసింది. నమ్మి మాత్రం కాదు.

పదిహేను రోజులకు ఆ వాక్యం చేరిన కాగితం ముద్రతో వచ్చింది. సాలమ్మ దాన్ని భూపాల్ చేత చదివించింది. అతన్ని పంపేసి, మనవరాలు అమూల్య చేత మళ్లీ చదివించింది. ఇద్దరూ ఒకటే చదివారు.

ఆగస్టులో ఒక పొద్దున ఫోన్లలో, మైకులో, ఇంటింటికీ తిరిగే సూర్యకళ నోట ఒకటే మాట: కదలండి. నాలాలో నీళ్లింకా అడుగునే ఉన్నాయి. సాలమ్మ తలుపుకు తాళం వేసి, రెండుసార్లు గుంజి చూసింది.

"నువ్వేడికి పోతున్నవ్?" అని సూర్యకళను ఆపింది.

"ఆఫీసుకమ్మా."

"గదేం లేదు బిడ్డా. నేను మల్ల నా ఇంట్ల కాలు పెట్టేదాంక నా పక్కనే కూసో."

సాయంత్రం వాన తెరిపిచ్చేదాకా సూర్యకళ బడి వరండాలోనే ఫోన్‌లో ఆఫీసు పని చక్కబెట్టుకుంది. ఆమె కొంగు సాలమ్మ పిడికిట్లో ఉంది.