కత్తెర సాక్ష్యం

సంతోషమ్మ కొలతలు కాగితం మీద రాసుకోదు. మెడలో టేపు వేలాడేసుకుని భుజం, చంక, నడుము ఒక్కొక్కటే కొలిచి, అంకెను ఒకసారి పైకి అనుకుంటుంది, అంతే. పన్నెండు మందివైనా తలలోనే నిలుస్తాయి. రాయచూరు రైల్వే గేటు అవతలి సందులో ముప్ఫై నాలుగేళ్ళుగా జాకెట్లు కుట్టి బతికిన మనిషి. దాదాపు అన్నేళ్ళుగానే ఆ పేటలోని చిన్న చర్చిలో సండే స్కూలు టీచరు. మీసాలొచ్చిన మగపిల్లలు కూడా ఆమె ఎదురుపడితే చేతిలో సిగరెట్టు ఏ గోడవతలో పారేస్తారు. ఒకప్పుడు ఆమె దగ్గర బైబిలు వాక్యాలు అప్పజెప్పినవాళ్ళే వాళ్ళంతా.

ఆ సాయంత్రం కొలతలకు హేమ వచ్చింది. పదిహేడేళ్ళ పిల్ల, కాలేజీలో పియుసి చదువుతోంది, చర్చిలో పాటలు పాడే గుంపులో ముందు వరుసలో నిలబడుతుంది. యవ్వనస్తుల ఆదివారానికి పాడే ఆడపిల్లలందరికీ మణికట్టు దాకా చేతులున్న తెల్ల జాకెట్లు కుట్టాలని అనుకున్నారు.

"చెయ్యి చాపు బిడ్డా."

హేమ కుడి చెయ్యి చాపింది. కొలవడం అయింది.

"ఇంకొకటి."

"రెండు చేతులు ఒక్కతీరే ఉంటయి గద టీచర్."

"పొడుగు ఒక్కతీరు. లావు గాదు. చాపు, సిగ్గేంది?"

ఎడమ చెయ్యి చున్నీ కిందినుంచి మెల్లగా బయటికి వచ్చింది. మణికట్టుకు ఎరుపూ ఆకుపచ్చా కలిపి పేనిన దారం, బిగించి వేసిన ముడి. సంతోషమ్మ ఇంకా నోరు తెరవనే లేదు. హేమ చూపు మాత్రం టీచర్ ముఖం మీద లేదు. మిషను పక్కన బల్ల మీద ఉన్న నల్లపిడి కత్తెర మీద ఉంది.

"కోయకండి టీచర్. నేనే ఇప్పుతా. ఆదివారం లోపల ఇప్పేస్తా," అంటూ చెయ్యి లాక్కుని, గొడుగు మూలనే వదిలేసి, వానలోనే వెళ్ళిపోయింది.

సంతోషమ్మ టేపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తనను చూస్తే పిల్లలకు భయం అని ఆమెకు తెలుసు. ఆ భయాన్ని ఇన్నాళ్ళూ గౌరవమే అనుకుంది. ఇప్పుడు ఆ పిల్ల కళ్ళలో చూసింది గౌరవం కాదు.

ఆ కత్తెరకు పెద్ద పేరుంది. ఇరవై ఏళ్ళ కిందట సహన అనే తొమ్మిదేళ్ళ పిల్ల సండే స్కూలుకు వచ్చేది. వాక్యాలు నేర్చుకోవడంలో అందరికంటే ముందుండేది. ఒక ఆదివారం ఆ పిల్ల చేతికి ఇలాంటి దారమే కనబడింది. ముదగల్లులో పీర్ల పండుగ నాడు వాళ్ళ అవ్వ కట్టిన దారమని తర్వాత తెలిసింది. సంతోషమ్మ ఆ రోజు సంచిలోంచి కత్తెర తీసి, ఇరవై మంది పిల్లల ముందు ఆ పిల్లను నిలబెట్టి, దారాన్ని కటుక్కున కోసేసింది. చర్చికొచ్చే పిల్ల చేతికి అలాంటి మొక్కుదారం ఉండకూడదని, చూసి మిగతా పిల్లలకు బుద్ధి వస్తుందని అనుకుంది. ఆ ఏడాదే టీచర్ల శిక్షణలో ఈ సంగతి సాక్ష్యంగా చెబితే అందరూ స్తోత్రం అన్నారు. అక్కడినుంచి ఎక్కడ యవ్వనస్తుల కూడిక జరిగినా ఆమెను పిలవడం, ఆమె కత్తెర పైకెత్తి చూపించి ఆ కథ చెప్పడం మామూలైపోయింది. రాయచూరు చర్చిల్లో దానికి కత్తెర సాక్ష్యం అనే పేరు పడింది.

హేమ వదిలేసిన గొడుగు పట్టుకుని ఇంట్లోకి వచ్చేసరికి భర్త జగన్నాథ్ కబురుతో సిద్ధంగా ఉన్నాడు. రైల్వేలో పట్టాల పని చేసి రిటైరైన మనిషి, మాట్లాడందే ఉండలేడు.

"పాస్టరయ్య ఫోన్ చేసిండె. వచ్చే ఆదివారం నీ కత్తెర సాక్ష్యం పెట్టిండ్రంట. పోరగాండ్లు చర్చికి సరిగ్గ వస్తలేరు, జరా గట్టిగ చెప్పమన్నడు."

సంతోషమ్మ గొడుగును తలుపు వెనక తగిలించింది.

"ఏందే, ఉలుకు లేదు పలుకు లేదు? ఇరవై ఏండ్ల సంది చెప్తనే ఉన్నవు, నాకే నోటికొచ్చె. గొంతు బాగలేకుంటే చెప్పు, నేను పోయి చెప్పొస్త."

"అయితే చెప్పు. దారం కోసినాక ఏమైంది?"

"కోసినాక..." జగన్నాథ్ కాసేపు ఆలోచించాడు. "కోసినాక అందరు స్తోత్రం అంటరు. నువ్వు వచ్చి కూర్చుంటవు."

"ఆ పిల్ల ఏమైంది?"

"ఆ పిల్ల సంగతి నువ్వెన్నడు చెప్పలేదు గదే," అన్నాడు. ఈసారి అతని గొంతులో హాస్యం లేదు.

నిజమే, చెప్పలేదు. ఆ పిల్ల మరుసటి ఆదివారం రాలేదు. ఆ తర్వాతా రాలేదు. అప్పుడప్పుడే చర్చికి అలవాటు పడుతున్న తల్లీ తండ్రీ కూడా మానేశారు, ఏడాదిలో ఊరే మారిపోయారు. సంతోషమ్మ అబద్ధం ఒక్కటీ ఆడలేదు. కథను కత్తెర దగ్గర ఆపేసేది. వినేవాళ్ళు మిగతాది తమకు తోచినట్టు నింపుకునేవాళ్ళు, ఆమె నింపుకోనిచ్చేది. మొదట్లో కొంచెం గుచ్చుకునేది. తర్వాత తర్వాత చప్పట్ల మధ్య ఆ గుచ్చుకోవడం కూడా తెలియకుండా పోయింది.

మంగళవారం పొద్దున్నే లింగసుగూరు మీదుగా ముదగల్లు బస్సెక్కింది. ఎందుకని జగన్నాథ్ అడగలేదు. బస్టాండు దాకా వచ్చి కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, అరటిపళ్ళు చేతిలో పెట్టి వెళ్ళాడు.

సహన అవ్వ పేరు కరియమ్మ అని, కోట గోడ పక్కన ఇల్లని మాత్రమే ఆమెకు గుర్తుంది. టీ కొట్టులో అడిగితే చూపించారు. ముసలమ్మ అరుగు మీద కూర్చుని చేటలో కందులు చెరుగుతోంది. ఎనభై దాటి ఉంటాయి.

"రాయచూరు నుంచి వచ్చిన అవ్వా. సహనకు చర్చిల పాఠం చెప్పిన..."

కరియమ్మ చేట ఆపి పైనుంచి కిందికి చూసింది.

"కత్తెర టీచరమ్మవా? మళ్ళ తెచ్చినవా ఏంది, సంచిల?"

"తేలేదు అవ్వా."

"అయితే కూర్చో."

సంతోషమ్మ అరుగు చివర కూర్చుంది. కందులు చేటలో మళ్ళీ ఎగిరి పడుతున్నాయి. పొట్టు ఆమె చీర మీదికి వచ్చి వాలుతోంది.

"తప్పు చేసిన," అంది చివరికి. "చిన్నపిల్లను పదిమందిల నిలబెట్టి..."

"దానికి టైఫాయిడు వచ్చుండె, ఎరుకేనా నీకు?" కరియమ్మ తల ఎత్తకుండానే అంది. "పద్దెనిమిది దినాలు మంచంల ఉండె. మీ చర్చోళ్ళు ఇంటికొచ్చి ప్రార్థన చేసిండ్రు. నేను వద్దంటినా? మోకాళ్ళు నొచ్చినా నేను గూడ మీ పక్కకే కూర్చున్న. అది బతికితే చాలనుకున్న. పీర్ల పండగ రాంగనే మందిల తొక్కులాడి దారం తెచ్చి కట్టిన. నాకు చేతనైంది అదే. మీ దేవునికి పోటీ కట్టలేదమ్మా."

సంతోషమ్మకు ఆ జ్వరం గుర్తుంది. ఆ ప్రార్థనకు వెళ్ళినవాళ్ళలో తనూ ఉంది. మూలన కూర్చున్న ముసలామె మాత్రం గుర్తు లేదు.

"ఎవరు కట్టిండ్రు, ఎందుకు కట్టిండ్రు అని ఒక్క మాట అడిగుంటే ఆ పిల్లనే చెప్తుండె. చెప్పినాక నువ్వు వద్దంటే తనే ఇప్పుతుండె. నీ మాటంటే అంత ప్రాణం దానికి. మా టీచర్ గిట్ల చెప్పింది, గట్ల చెప్పిందని ఊరికొచ్చినప్పుడల్ల నా చెవులు తింటుండె. ఆ దినం ఇంటికొచ్చి పిడికిలి ఇప్పలేదంట. బువ్వ తిననీకి గూడ ఇప్పలేదంట. లోపల రెండు దారం ముక్కలు."

చెప్పి, నడుముకు దోపుకున్న ఫోను తీసి, స్పీకరు పెట్టి మనవరాలికి కలిపింది. సంతోషమ్మ వద్దనేలోపే అవతలినుంచి గొంతు వినబడింది. సహన ఇప్పుడు లింగసుగూరులో ఒక ఆస్పత్రిలో నర్సు.

"ఏందవ్వా, డ్యూటీల ఉన్న."

"మీ కత్తెర టీచర్ వచ్చింది. మాట్లాడు," అని ఫోను అరుగు మీద పెట్టి, కరియమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

అవతల స్ట్రెచరు చక్రాల చప్పుడు వినబడింది. తలుపు వేసిన శబ్దం అయింది.

"బాగున్నరా టీచర్?"

"బాగున్న బిడ్డా. నేను క్షమాపణ అడగనీకి వచ్చిన. ఆ దినం నీకు చేసింది..."

"అది చిన్నప్పటిది టీచర్. తొమ్మిదేండ్ల పిల్లకు కోపం ఎన్ని దినాలుంటది? నేను మళ్ళొచ్చిన గద."

"ఎప్పుడొచ్చినవు?"

"నర్సింగు మొదటి సంవత్సరంల. హాస్టల్ దోస్తు రాయచూరుల యవ్వనస్తుల సభకు తోలుకపోయె. మీరు నేర్పిన వాక్యాలు నాకింక నోటికుండె. హాస్టల్ల పండుకునే ముందు చెప్పుకుంటుండె, ధైర్యం వస్తుండె. మళ్ళ మొదలుపెడ్దామని వచ్చి చివరి వరుసల కూర్చున్న. మీరు స్టేజీ ఎక్కిండ్రు."

సంతోషమ్మ కళ్ళు మూసుకుంది.

"కత్తెర పైకెత్తి చూపించిండ్రు. నాలుగు వందల మంది చప్పట్లు కొట్టిండ్రు. నా పక్కనామె కొట్టె. నేను గూడ కొట్టిన టీచర్, కొట్టకుంటే చూస్తరని. భోజనాలకు ముందే బయటికొచ్చి బస్సెక్కిన."

అది ఏ సభో, ఏ ఏడాదో సంతోషమ్మకు గుర్తు రాలేదు. చెప్పిన ప్రతిచోటా చప్పట్లు కొట్టారు. ప్రతిచోటా చివరి వరుస ఉంది. ఆ వరుసల్లో ఎవరు కూర్చున్నారో ఆమె ఎన్నడూ చూడలేదు.

"వచ్చే ఆదివారం మళ్ళ చెప్పమంటున్నరు బిడ్డా," అంది సంతోషమ్మ.

"చెప్పండి. ఆ సభ తర్వాత నేను మళ్ళ రాలేదని గూడ చెప్పండి. పేరు వద్దు."

"నువ్వు వస్తవా ఎప్పుడన్న?"

"ఇప్పుడేమనలేను టీచర్," అంది సహన. ఎవరో పిలుస్తున్నారు. "అవ్వ రొట్టె పెడ్తది, తిని పోండి."

కరియమ్మ జొన్నరొట్టె, గోంగూర తెచ్చి పెట్టింది. సంతోషమ్మ తల వంచుకుని, నమలకుండానే ముక్కలు మింగుతోంది. "నమలమ్మా, నిన్నెవరు తరుముకొస్తలేరు," అంటూ ముసలమ్మ ఎదురుగా కూర్చుని చివరి ముక్క దాకా తినిపించింది.

ఇంటికొచ్చి మూడు రోజులు మిషను మీదే కూర్చుంది. తెల్ల జాకెట్లన్నీ అయ్యాయి. హేమది అందరికంటే చివర కుట్టింది. ఎడమ చేతి కొలత ఆమె దగ్గర లేదు. శనివారం జగన్నాథ్ చేతికి జాకెట్టూ గొడుగూ ఇచ్చి పంపబోతే, అతను జాకెట్టు విప్పి చూశాడు.

"ఎడమ మణికట్టు కాడ లూజు వదిలినవేందే? నీ కుట్టు గిట్ల ఉండదు గద."

"ఉండనీ. కింద దారమున్నా ఒరుసుకోదు."

ఆదివారం చర్చి నిండింది. పాటల గుంపు ముందు వరుసలో ఒక చోటు ఖాళీగా ఉంది. హేమ తెల్ల జాకెట్టు వేసుకుని, తలుపు దగ్గర చివరి బెంచీలో కూర్చుంది. సంతోషమ్మ ఖాళీ చేతులతో ముందుకు వచ్చింది. నవ్వుతూ పాస్టరయ్య, "టీచర్, కత్తెర మర్చిపోయిండ్రు," అన్నాడు.

"మర్చిపోలేదయ్యగారు."

అందరికీ తెలిసిన కథే మొదలుపెట్టింది. దారం కోసినచోటికి వచ్చేసరికి అలవాటుకొద్దీ ముందు బెంచీలు స్తోత్రం అనడానికి సిద్ధమయ్యాయి. ఆమె ఆగలేదు. జ్వరం సంగతి చెప్పింది. ముసలమ్మ సంగతి, పిడికిలి సంగతి, చివరి వరుసలో కూర్చుని చప్పట్లు కొట్టిన పిల్ల సంగతి చెప్పింది. ఆమె గొంతు ఎప్పటిలా మోగలేదు, వెనక ఉన్నవాళ్ళు ముందుకు వంగి వినాల్సి వచ్చింది.

"ఇరవై ఏండ్లు మీకు సగమే చెప్పిన. ఆ సగం చెప్పి పేరు తెచ్చుకున్న. మీరు ప్రభువును వెంబడించాలని నాకు మస్తు ఆశ. అప్పుడుండె, ఇప్పుడు గూడ ఉంది. కాని ఆయన చేతుల కత్తెర లేదు పిల్లలారా. అది నా చేతులది. నన్ను చూసి భయపడి ఆయనను విడిచి పోకండి. మీకున్న అనుమానాలు, మీ ఇంటి కష్టాలు, మీ చేతికున్నవి అన్ని పట్టుకొని రండి. ఇప్పేది ఏమన్న ఉంటే ఆయనే మీ చేత ఇప్పిస్తడు. దానికి నేను తొందరపడే పని లేదు."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మగపిల్లల వైపు నుంచి ఒక గొంతు, "ఆ తర్వాత ఆమె మళ్ళ వచ్చిందా టీచర్?" అని అడిగింది.

"రాలేదు," అని చెప్పి సంతోషమ్మ తన చోటుకు వెళ్ళి కూర్చుంది. పాస్టరయ్య ప్రార్థనకు లేచాడు.

కూడిక అయ్యాక ఉప్మా ప్లేట్ల దగ్గర ఎప్పుడూ ఆమె చుట్టూ జనం మూగేవాళ్ళు. ఇవాళ ఎవరూ రాలేదు. ఒకరిద్దరు పెద్దలు ముఖం తిప్పుకుని వెళ్ళారు. ఆమె బాధపడలేదంటే అబద్ధం. కాని చప్పట్లు కొట్టినవాళ్ళకంటే ముఖం తిప్పుకున్నవాళ్ళే న్యాయంగా ఉన్నారనిపించింది. చర్చి మెట్ల మీద ఒక్కతే కూర్చుంది.

హేమ వచ్చి పక్కన నిలబడింది.

"టీచర్, ఎడమ చెయ్యి లూజు అయింది."

"తెలుసు బిడ్డా."

హేమ చెయ్యి వెనక్కి దాచుకోలేదు. తెల్లటి అంచు కింద దారం కొస కనబడుతోంది. సంతోషమ్మ దాన్ని ముట్టుకోలేదు.

"ఎవరు కట్టిండ్రు?"

"మా అవ్వ. సుంకవ్వ ఆమె పేరు, కల్లూరుల ఉంటది."

"ఎందుకు కట్టింది?"

హేమ ఆమె ముఖంలోకి చూసింది. నిజంగా తెలుసుకోవడానికే అడుగుతోందా, లేక దీని వెనక ఇంకేమైనా ఉందా అన్నట్టు చాలాసేపు చూసింది. తర్వాత మెట్టు మీద చతికిలబడింది.

"అది జరా పెద్ద కథ టీచర్. మా అమ్మకు గూడ తెల్వదు."

"చెప్పు," అంది సంతోషమ్మ, ఉప్మా ప్లేటు పక్కన పెట్టి.