బండి బాగుందా?

కిందటేడు వేసవిలో జరిగిందిది. మాది నాచారం. ముచ్చటపడి విదేశీ కంపెనీ కారు కొన్నాం. కొన్న కొన్నాళ్లకే ఆ కంపెనీ మన దేశంలో దుకాణం సర్దుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి ఏది పాడైనా కొత్తది దొరకదు. పగిలిన వెనక లైటుకు ఎర్ర ప్లాస్టిక్ కాగితం అంటించి తిరుగుతున్నాను.

ఒక మధ్యాహ్నం నేనూ మా ఆవిడా ఉప్పల్ నుంచి వస్తుంటే, స్కూటర్ మీద ఒకాయన మా వెంట పడ్డాడు. నేను నెమ్మదిస్తే తనూ నెమ్మదిస్తాడు, ఏ సందులోకి తిప్పినా వదలడు. మా ఆవిడ మెడలో గొలుసు కొంగు కిందికి తోసుకుంది. నాచారంలో జనం ఉన్నచోట చూసి ఆపాను. ఆయన దిగి, మా ముఖాలైనా చూడకుండా కారు చుట్టూ తిరిగాడు.

"అన్నా, బండి అమ్ముతవా?"

"అమ్మను," అన్నాను విసుగ్గా.

"ఇప్పుడే గాదన్నా. నాది గిదే బండి, చెంగిచెర్లల మా ఇంటికాడ ఉన్నది. సామాను ఏడ దొర్కుతలేదు. నీది పూరా ఖరాబైనంక జర నాకు చెప్పు."

మంచం పట్టిన మనిషి ముందు ఆస్తి సంగతి ఎత్తినట్టు అనిపించింది. తిట్టబోయిన నోటితోనే, "మీ బండికి వెనక లైట్లు బాగున్నాయా?" అని అడిగాను. ఆయన ముఖం మాడిపోయింది.

ఇప్పుడు ఉప్పల్ మార్కెట్లో ఆయనా నేనూ ఎప్పుడు ఎదురుపడ్డా, పిల్లల సంగతి కన్నా ముందు "బండి బాగుందా?" అని ఒకరినొకరం అడుగుతాం.

ఒకరు "బాగుంది" అంటారు. ఇంకొకరు నిట్టూరుస్తారు.