జనం వైపు తిరిగిన ముక్కాలిపీట

మా గుడిలో అందరూ చాపల మీదే కూర్చుంటారు, ఆడవాళ్ళు ఎడమ పక్క, మగవాళ్ళు కుడి పక్క. మోకాళ్ళు పోయినవాళ్ళకు ఈ మధ్య వెనక గోడ దగ్గర కొన్ని ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. అంతకుముందు పాదిరి అయ్యగారిని పక్కన పెడితే ఆ గుడిలో నేల మీద నుంచి జానెడు ఎత్తులో కూర్చున్న మనిషి లేదు, మా ఇంటి ఆడవాళ్ళు తప్ప.

మాకు పీట ఉంది. టేకు ముక్కాలిపీట. ప్రసంగం చెప్పే బల్లకు ఎడమ పక్కన, కూర్చున్న మనిషి జనం వైపు తిరిగేటట్టు ఉంటుంది. మా ఇంటి ఆడపిల్ల పురుటికి పుట్టింటికి వచ్చి బిడ్డను కంటే, ఆ బిడ్డకు బాప్తిస్మమిచ్చే ఆదివారం ఆరాధన అయ్యేదాకా తల్లి ఆ పీట మీద కూర్చోవాలి. ఊరంతా కింద, మా ఇంటి ఆడది పైన. మా అమ్మ కూర్చుంది, నేను కూర్చున్నాను, నా కూతురు కూర్చుంది. కూర్చున్నప్పుడు తల దించుకోవాలి, పూలు పెట్టుకోకూడదు, ఎవరితోనూ మాట్లాడకూడదు. బిడ్డ తండ్రి లోపలికి రాకూడదు, మెట్ల దగ్గర చెప్పులు చూసుకుంటూ బయటే నిలబడాలి. ఇదంతా మా అవ్వ చెప్పింది, ఆమెకు వాళ్ళ అవ్వ చెప్పింది. ఎందుకని నేను అడగలేదు. గౌరవం దక్కే చోట ఎందుకని ఎవరడుగుతారు. పడమటింటివాళ్ళు ఒకసారి తమ కోడలిని కూర్చోబెడతామని వస్తే మా అమ్మ కొంగు దోపుకుని పీటకు అడ్డం నిలబడింది.

నేను చదివింది మూడో తరగతి దాకా. అయినా మనిషి ఎందుకొచ్చాడో నడక చూసి చెప్పగలను. అందుకే గుడి తాళం నా దగ్గరే ఉంటుంది.

పోయిన ఏడాది వానలు వెనకబట్టాక నా మనవరాలు బిడ్డతో మా ఇంట్లోనే ఉంది. గూడూరులో బళ్ళో పాఠాలు చెబుతుంది, ఇంగ్లీషు బాగా వచ్చు. బాప్తిస్మం ఆదివారానికి పెట్టుకున్నాం. అదే సమయానికి నెల్లూరు నుంచి కొత్తగా వచ్చిన అయ్యగారు గుడిలో టైల్స్ వేయిస్తానని పట్టుకున్నాడు. అందరికీ కుర్చీలంట, పాత సామాను తీసేయాలంట. "ఆ పీట కూడా పుచ్చిపోయిందవ్వా," అన్నాడు. నేను వెళ్ళి గోటితో గిల్లి చూశాను. ఎక్కడా పుచ్చలేదు. అప్పటినుంచి ఆయన మీద ఒక కన్నేసి ఉంచాను.

బుధవారం పొద్దున ఆయన తాళం అడగడానికి వచ్చాడు. వెంట ఒక తెల్లామె. అరవై దాటి ఉంటుంది, నూలు చొక్కా, కాళ్ళకు రబ్బరు చెప్పులు. స్కాట్లాండు అనే దేశమట. మా గుడి కట్టిన దొరలు ఆ దేశం వాళ్ళేనని అయ్యగారు చెప్పాడు. తాళం ఇవ్వకుండా, మనవరాలిని వెంటబెట్టుకుని నేనే వెళ్ళి తీశాను.

ఆమె నేరుగా పీట దగ్గరికి పోయింది. గుడిలో శిలువ ఉంది, గంట ఉంది, అవేవీ చూడలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, తల నేలకు ఆనించి, పీట అడుగున ఫోటోలు తీసింది. నాకు విషయం అర్థమైపోయింది. మద్రాసు నుంచి వ్యాన్లు వేసుకుని వచ్చి వాకాడు చుట్టుపక్కల పాత ఇళ్ళ స్తంభాలు, తలుపులు కొనుక్కుపోయేవాళ్ళు ఇట్లాగే చేస్తారు. ముందు మెచ్చుకుంటారు, తర్వాత ఫోటో, తర్వాత బేరం. అయ్యగారు కుర్చీల డబ్బుకు దారి చూసుకున్నాడనుకున్నాను.

"ఏందంటమే ఆమె?" అని మనవరాలిని అడిగాను.

"వాళ్ళ తాతల్ని ఎతుక్కుంటా వచ్చినాదంట అవ్వా."

"తాతలు పీట కింద ఉంటారా?"

మనవరాలు నవ్వింది. ఆ మాట మాత్రం ఆమెకు తిప్పి చెప్పలేదు.

అయ్యగారికి ఎవరో పోయినారని ఫోనొచ్చి, ప్రార్థన చేయాలని బండెక్కి వెళ్ళిపోయాడు. ఎండలో నిలబెట్టి పంపలేక ఆమెను ఇంటికి పిలిచాను. మజ్జిగ ఇస్తే తాగింది. బయటి నుంచి వచ్చేవాళ్ళు సీసా నీళ్ళు తప్ప ముట్టరు. ఈమె రెండో గ్లాసు కూడా అడిగి తాగింది. నా అనుమానం ఇంకాస్త పెరిగింది.

ఆమె చెప్పింది చెప్పినట్టు మనవరాలు నాకు చెబుతూ వచ్చింది. వాళ్ళ తాతకు తాత పేరు వాళ్ళ ఊరి గుడి పుస్తకంలో ఉందట, తల్లి పేరు పక్కనే ఉందట, తండ్రి పేరు మాత్రం లేదట. అట్లాంటి బిడ్డ పుడితే ఆ దేశంలో సంఘపెద్దలు తల్లిని పిలిచి కూర్చోబెట్టి, ఎవడని అడిగి, ఆమె చెప్పిన ప్రతి మాటా రాసిపెట్టేవాళ్ళట. ఈమె ఆ రాతల్ని ఏళ్ళ తరబడి తిరగేసింది. ఆ తల్లి ఎవరింట్లోనో పాలు పితికే పిల్ల. మొదట నోరు విప్పలేదు. తర్వాత ఒక వడ్రంగి పేరు చెప్పింది. పెద్దలు అతని కోసం కబురు పెట్టేసరికి అతను దొరలతో పాటు ఓడెక్కేశాడు. నెల్లూరు జిల్లాలో గుళ్ళు కట్టే పనికి పోయాడని అందులో రాసి ఉందట.

"ఎగ్గొట్టిపోయినోడి కోసం ఇంత దూరం టికెట్టు పెట్టుకోనొచ్చినాదా?" అన్నాను. "ఆస్తేమన్నా ఉండాదేమో అడగమే."

మనవరాలు అడిగింది. ఏమీ లేదని ఆమె చేతులు తిప్పి చూపించింది. తర్వాత సంచిలో నుంచి వేలంత సీసా తీసి నా ముందు పెట్టి, నా కళ్ళలోకి చూసింది. మావి పిల్లికళ్ళు. మా అమ్మవీ అంతే, నా కూతురివీ అంతే. తేనె రంగు.

"దీంట్లో ఉమ్మాలంట అవ్వా," అని మనవరాలు మెల్లగా చెప్పింది. "ఆ వడ్రంగి ఈడ కూడా ఒకామెను అట్టే వదిలిపెట్టి పోయినాడేమోనని ఆమె అనుమానం. ఉమ్మి పరీక్ష చేస్తే మనమూ వాళ్ళూ చుట్టాలా కాదా అని తెలిసిపోతాదంట."

"ఉమ్మాల్సిన మొగాలు ఊళ్ళో ఎన్నో ఉండాయి, వాటి మీదే ఉమ్మలేదు," అన్నాను. సీసాను ఆమె వైపు జరిపాను.

ఆమె బలవంతం చేయలేదు. ఫోను తీసి ఒక ఫోటో చూపించింది. వాళ్ళ ఊరి గుడి. అందులో అద్దాల పెట్టె, పెట్టెలో ముక్కాలిపీట. కాళ్ళు అదే వంపు, పైన చెక్క అదే గుండ్రం. మా పీటను ఎవరో ఎత్తుకుపోయి అక్కడ పెట్టినట్టే ఉంది. ఆమె ఏదో చెప్పింది. మనవరాలు దాన్ని నాకు చెప్పకుండా బిడ్డ తువ్వాలు సర్దడం మొదలుపెట్టింది.

"చెప్పు," అన్నాను.

"పెళ్ళి కాకుండా కన్నదాన్ని అప్పట్లో దాని మీద కూర్చోబెట్టేవాళ్ళంట. ఆదివారం గుళ్ళో, జనం వైపు తిప్పి. అందరూ చూసేదానికి."

"అయ్యగారు చెప్పమన్నాడా నీకు? పీట తీసేదానికి ఇద్దరూ కలిసి కట్టిన కథా ఇది?"

"ఒట్టవ్వా. ఆమె నోట్లోంచి వచ్చిందే చెప్తుండా."

ఆ తెల్లామె నా మొహం చూసి లేచింది. దండం పెట్టి, గూడూరు లాడ్జిలో ఉంటానని చెప్పి వెళ్ళిపోయింది. నేను తిరిగి దండం పెట్టలేదు.

మర్నాడు ఊడ్చే నెపంతో గుడికి వెళ్ళాను. తలుపు వేసుకుని చాప మీద కూర్చుని పీట వైపు చూశాను. ఈమె అబద్ధం చెప్పిందని తేల్చడానికే వెళ్ళాను. గౌరవానికి వేసిన పీటైతే కూర్చున్న మనిషి బల్ల వైపు తిరిగి ఉండాలి కదా అనిపించింది. అయ్యగారు కూడా ప్రార్థనకు అటే తిరుగుతాడు. జనం వైపు ఎందుకు తిప్పారు? ఆ ఫోటోలో పీట చుట్టూ ఎత్తు బెంచీలున్నాయి. అక్కడ అందరూ బెంచీల మీద కూర్చుంటే పీట మీది మనిషి వాళ్ళ మోకాళ్ళ దగ్గర ఉంటుంది. ఇక్కడ చాప మీద కూర్చున్న నేను తల ఎత్తి చూడాల్సి వస్తోంది. దొరలు పీట చేయించారు గానీ బెంచీలు చేయించలేదు. సిగ్గుపడమని ఎవతెనో ఎక్కించారు, ఊరు ఆమెను తలెత్తి చూసింది. ఆమె దిగి ఇంటికి వెళ్ళాక, దొర నీకెందుకు పీటేసినాడు అని అడిగి ఉంటారు. ఆమె ఏం చెప్పిందో నాకు తెలియదు. నిజం మాత్రం చెప్పి ఉండదు. నేనైనా చెప్పను.

ఇంటికి వచ్చేసరికి మనవరాలు వాకిట్లోనే ఉంది.

"నేను కూర్చోనవ్వా. నాకు పెళ్ళయింది. నా బిడ్డకి తండ్రుండాడు."

"కూర్చోకపోతే ఊరడగదా ఎందుకని?"

"అడిగితే ఉండేది చెప్తాం."

"చెప్పు. పడమటింటామెకు ముందు చెప్పు. టముకు వేయించే ఖర్చు మిగులుతాది."

ఆమె నవ్వలేదు. నేను కూడా నవ్వించడానికి అనలేదు. ఆమె కూర్చోకపోతే అయ్యగారు పీటను మూల పడేస్తాడు, జనం ఒకటికి పది అల్లుకుంటారు, మా అమ్మ పేరూ నా పేరూ ఆ నోళ్ళలో నలుగుతాయి. కూర్చుంటే తెలిసి కూర్చోవాలి. నాకు తెలియక కూర్చోవడం సులభమైంది.

"ఆ మొదటామెను ఒక్కదాన్నే కూర్చోబెట్టినారు గదా అవ్వా," అంది. "ఆ పొద్దు వాడు యాడుండాడు?"

"బయట, చెప్పుల కాడ," అన్నాను. అని ఆగిపోయాను. నేను చెప్పింది మా ఆయన సంగతి. నా బిడ్డ బాప్తిస్మానికి ఆయన మెట్ల మీద నిలబడి లోపలికి తొంగి చూస్తుంటే, మా అవ్వ చెయ్యెత్తి అదిలించింది.

మనవరాలు నా వైపు చూసింది. బిడ్డ లేస్తే ఎత్తుకుని లోపలికి వెళ్ళింది.

ఆదివారం పొద్దున నేను మల్లెలు కొన్నాను. నా జన్మలో బేరమాడకుండా కొన్న పూలు అవే. మనవరాలి జడలో నేనే పెట్టాను. ఆమె గుడిలో తిన్నగా వెళ్ళి పీట మీద కూర్చుంది. తల దించలేదు.

ఆమె మొగుడు ఆచారం ప్రకారం మెట్ల దగ్గర నిలబడ్డాడు. వాళ్ళ అత్త, అంటే నా కూతురు, అతనికి ముందే అన్నీ చెప్పి పెట్టింది.

"లోపలికి పో నాయనా," అన్నాను. "పీట పక్కన నిలబడు."

"చెప్పులవ్వా?"

"నేను చూసుకుంటా."

అతను లోపలికి నడుస్తుంటే పడమటింటామె చాప మీద నుంచి మెడ తిప్పింది. "ఏమక్కా, మీ పద్ధతి మారినాదే?"

"చెప్పులన్నీ రబ్బరువే గదా. ఎవురెత్తుకోనిపోతారని మొగోడు కాపలా కాయాల?"

ఆమె మళ్ళీ ముందుకు తిరిగింది. అయ్యగారు ఒక క్షణం అతన్ని చూసి, నీళ్ళ గిన్నె అందుకున్నాడు. బిడ్డ పేరు చదివాడు, తల్లి పేరు చదివాడు, తండ్రి పేరు చదివాడు. గుమ్మంలో నిలబడితే పీట సూటిగా ఎదురుగా కనిపిస్తుందని నాకు అప్పుడే తెలిసింది. దాని మీద కూర్చున్న మనిషికి కూడా గుమ్మంలో ఎవరున్నదీ కనిపిస్తుంది, తల దించుకోకపోతే. మనవరాలు నన్ను చూసింది.

తెల్లామె కూడా వచ్చింది. వెనక కుర్చీలు ఖాళీగా ఉన్నా చాప మీదే కూర్చుంది. కాళ్ళు మడవడం రాక అటూ ఇటూ జరుగుతూనే ఉంది. జనం వెళ్ళాక మనవరాలి చెవిలో ఏదో అడిగింది. మళ్ళీ ఆ సీసా సంగతేననుకుని నేను తాళం చేతికి తీసుకున్నాను.

"ఒకసారి ఆ పీట మీద కూర్చోవచ్చా అని అడగతాంది అవ్వా. వాళ్ళ ఊళ్ళోది అద్దాల్లో పెట్టినారంట, ముట్టుకోనియ్యరంట."

అయ్యగారు చాపలు చుట్టిస్తూ మమ్మల్నే గమనిస్తున్నాడు.

"టైల్స్ వేసుకోండి అయ్యగారూ," అన్నాను. "కుర్చీలు మాత్రం ఈ పీట కన్నా ఎత్తు లేకుండా చూసుకోండి."

ఆయన సరేనన్నాడు. ఎందుకని అడగలేదు. ఆమెకు చెయ్యి చూపించాను, కూర్చోమని.

ఆమె వెళ్ళి కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, ఎవరూ లేని నేల వైపు, గుమ్మం వైపు చాలాసేపు చూసింది. ఏడ్చిందో లేదో నాకు తెలియదు, నా కళ్ళద్దాలు ఇంట్లో ఉన్నాయి. ఆమె లేచేదాకా నేను అక్కడే నిలబడ్డాను. కారు వెళ్ళిన చప్పుడు విన్నాక, ఏమన్నా పీక్కుపోయిందేమోనని పీటను తిరగేసి చూసుకున్నాను.

మూడు కాళ్ళూ ఉన్నాయి.