మూడు తలల కుక్కపిల్ల

నా చిన్నప్పుడు తెనాలిలో మా ఇంటి పక్కనే మా పెదనాన్న విగ్రహాలు చేసే షెడ్డు ఉండేది. బడి వదలగానే నేను అక్కడే చేరేదాన్ని. నాయకుల విగ్రహాలు చేసి చేసి విసుగెత్తిన పెదనాన్నకు ఒకసారి బాపట్ల నుంచి ఒక మాస్టారు వచ్చి కొత్త పని చెప్పారు. తన తోట గేటు దగ్గర పెట్టుకోవడానికి గ్రీకు పురాణంలోని మూడు తలల కుక్క కంచుతో కావాలన్నారు. అది చనిపోయినవాళ్ల లోకానికి కాపలా అట. లోపలికి వెళ్లినవాళ్లను మళ్లీ బయటికి రానివ్వదట.

ఆ కథ విన్నాక నాకు అన్నం సహించలేదు. రేపల్లెలో మా అమ్మమ్మ పోయి నెల కూడా కాలేదు. వీధి చివర కుక్క కనిపిస్తే చాలు, ఆవిడ నా చెయ్యి పట్టుకుని వెనక్కి తిరిగేది. ఒక్క తలకే అంత భయపడే మనిషి, మూడు తలలు చూస్తే ఏమైపోతుంది?

కొన్నాళ్లు మనసులోనే దాచుకుని, చివరికి పెదనాన్నకు చెప్పాను. ఆయన నవ్వలేదు. అది ఉత్త కథేనని కూడా అనలేదు. అప్పటికే కోరలతో సహా సిద్ధమైన మట్టి నమూనా ముందు నన్ను కూర్చోబెట్టి, "ఏది చూస్తే మీ అమ్మమ్మకి భయమేస్తదమ్మా?" అని అడిగారు.

పళ్లు అన్నాను. పళ్లన్నీ తీసేశారు. కళ్లు అన్నాను. వాటినీ మార్చారు. సాయంత్రానికి అది కుక్కపిల్ల అయిపోయింది. ఒక తల ముందుకాళ్ల మీద వాలి నిద్రపోతోంది. ఇంకొకటి దాని చెవి కొరుకుతోంది. మూడోది నాలుక బయటపెట్టి, ఎవరొస్తే వాళ్ల చెయ్యి నాకేటట్టు చూస్తోంది.

మాస్టారు చూడటానికి వచ్చినప్పుడు నేను తలుపు చాటున నిలబడ్డాను. ఆయన ఎక్కడ వద్దంటారో, ఆ కోరలు ఎక్కడ తిరిగొస్తాయో అని నా భయం.

"ఇదేం కాపలా కాస్తుందండీ?" అన్నారాయన.

"కాయదండి. వచ్చినోళ్లతో ఆడుకుంటది," అని పెదనాన్న నా సంగతి చెప్పారు.

మాస్టారు వంగి, నిద్రపోతున్న తల మీద చెయ్యి వేసి, "మా ఆవిడా అక్కడే ఉందండి. ఇలాగే పోత పోయండి," అన్నారు.

కంచు కుక్కపిల్లను వ్యాను ఎక్కించిన రోజు నేను దాని మూడు తలలూ నిమిరి పంపించాను.

ఇప్పుడు నాకూ మనవలున్నారు. చీకటంటేనో, ఇంజక్షనంటేనో భయమని వాళ్లు నా దగ్గరికొస్తే, అందులో ఏముందిలే అనడం నాకు చేతకాదు. చేతిలో పని పక్కన పెట్టి, వాళ్లు చెప్పేదంతా వింటాను. చాలాసార్లు చెప్పడం పూర్తయ్యేసరికి వాళ్లే లేచి ఆడుకోవడానికి వెళ్లిపోతారు.