గట్టి ఫీజు

కొత్తగూడ ప్రాంతంలో ఎలక్ట్రీషియన్ రాములును మేస్త్రీలు 'పిరికి రాములు' అని పిలిచేవారు. బల్బులకు సన్నతీగ, గీజరుకు లావుతీగ వేరుగా లాగనిదే అతడు పని ముట్టేవాడు కాదు. బాలానగర్ కర్మాగారంలో ఒకనాడు గోడ లోపలినుంచి మంట రాజుకోవడం కళ్ళారా చూసినవాడు.

1998 డిసెంబరులో ఒక ఉదయం, మాదాపూర్ కంప్యూటరు ఉద్యోగి బాలు ఇంట్లో ప్లగ్గు బిగించడానికి వెళ్ళాడు. గది గోడ జ్వరం వచ్చిన ఒళ్ళులా వెచ్చగా తగిలింది. లోపల ఏదో చిటచిటలాడింది. ఆ గోడకే వీపు ఆనించి బాలు తల్లి నాగేశ్వరి కళ్ళు మూసుకొని కూర్చున్నది.

"మెల్లగా, నాయనా. ఆయన స్నానానికి లేచే వేళ," అన్నదామె.

భర్త సీతారామయ్య గృహప్రవేశానికి ముందే కాలం చేశారు.

రాములు బాలును పక్కకు పిలిచాడు. "సార్, గీజరు నడుస్తున్నదా?"

"రోజూ ఈ టైముకే వేస్తానండీ."

"మరి ఫీజు పోతలేదా?"

"మొదట్లో రోజూ పోయేది. తీగ మూడు పేటలు మెలేసి గట్టి ఫీజు కట్టాను. ఇక పోతే ఒట్టు!"

"గట్టిగుండాల్సింది తీగ సార్, ఫీజు గాదు. ఫీజు సచ్చి తీగను బతికిస్తది. మీరు దాన్ని సావనిస్తలేరు. బల్బుల తీగ మీద గీజరు నడుస్తున్నది. గోడల తీగ కాలుతున్నది."

మెయిన్ స్విచ్చు దగ్గరికి కదిలిన రాములు చేతిని నాగేశ్వరి పట్టుకున్నది.

"ఆపకు. ఈ గోడలో వెచ్చదనం ఆయనదే. ఆసుపత్రిలో నా చేతిలోనే చల్లబడ్డారు. మళ్ళీ చూడలేను."

"అమ్మా, గది అంటుకుంటే కొడుకు గూడ ఇంట్లనే ఉన్నడు గద."

ఆమె అతడి చేయి వదిలింది. తరువాత లేచి, మెయిన్ తానే దించింది. చిటచిట ఆగింది. గోడ చల్లబడేవరకు దానిమీద అరచేయి ఉంచి నిలుచున్నది.

రాములు ఉలి వేశాడు. సరిగ్గా ఆమె వీపు ఆనే ఎత్తున తీగ తొడుగు కరిగి, రాగి బయటపడి ఉన్నది. దానిచుట్టూ సున్నం నల్లబడింది.

"చెమ్మ తగిలితే గోడే షాక్ కొట్టేదమ్మా. ఇంకొన్ని దినాలైతే..." అని ఆగిపోయాడు.

నాగేశ్వరి ఆ నల్లని మరకను తదేకంగా చూసింది.

"అయితే నన్ను తీసుకువెళ్ళడానికే వచ్చారన్నమాట," అన్నది తృప్తిగా.

రాములు సంచిలోంచి గీజరుకోసం ఏడు పేటల లావుతీగ చుట్ట తీసి విప్పసాగాడు.