వసుంధర పంచిన ఎర్ర పురుగులు

వసుంధరకు జీతం ఇచ్చేదే తప్పులు పట్టమని. సింగపూర్‌లో, పాయా లేబర్ దగ్గర ఒక బ్యాంకు ఆఫీసులో ఆమె సాఫ్ట్‌వేర్ టెస్టర్. ఎవరో రాసిన ప్రోగ్రామును ముందేసుకుని, అది ఎక్కడ తడబడుతుందో కనిపెట్టి, రాసినవాళ్ళకు తిప్పి పంపడం ఆమె పని. ఆ పనిలో ఆమెకు తిరుగులేదు. చిక్కల్లా, సాయంత్రం ఇంటికొచ్చాక కూడా ఆ కన్ను మూతపడదు. పాసిర్ రిస్‌లోని ఫ్లాట్‌లో మొగుడు మహీధర్ ఆదివారం పూట ఉప్మా చేసి పెడితే, "బాగుంది, కానీ..." అంటుంది. కూతురు అనన్య బొమ్మ గీసి చూపిస్తే, "బాగుంది, కానీ ఆవుకి ఐదో కాలెందుకే?" అంటుంది. అది తోక అని చెప్పడానికి అనన్య ఏడవాల్సి వస్తుంది.

అలాంటి మనిషిని పిలిచి, అనన్య క్లాస్ టీచర్ త్రివేణి, మూడో తరగతి పిల్లలకు కోడింగ్ పరిచయం చేయమంది. త్రివేణి వాళ్ళది తాతల కాలంలోనే విశాఖ వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబం. ఆమె తెలుగులో అరవమూ మలయ్ మాటలూ, ఇక్కడివాళ్ళు మాట చివర తగిలించే 'లా' కూడా కలిసిపోయి ఉంటాయి.

"అనన్య అమ్మగారూ, నాకు కంప్యూటర్ అంటే భయం లా. మీరు కండిప్పా, తప్పకుండా రావాలి. పిల్లలు మంచివాళ్ళే. కొంచెం కచావ్ చేస్తారు, అల్లరి. కరవరు, అంతే."

వసుంధర అరపూట సెలవు పెట్టి వెళ్ళింది. తెర మీద ఒక పిల్లి, ఒక చేప. పిల్లి నడిచి వెళ్ళి చేపను పట్టుకునేలా పిల్లలు ఆదేశాలు పేర్చాలి. కాసేపటికే క్లాసు సంతలా తయారైంది. ఒకడి పిల్లి తలకిందులుగా వేలాడుతోంది. ఒక అమ్మాయి పిల్లి మ్యావ్ అనడం ఆపడం లేదు. పృథ్వీ అనే వాడి పిల్లి తెర దాటి వెళ్ళిపోయి మళ్ళీ కనపడలేదు.

వసుంధర తనకు తెలిసిన ఒకే ఒక్క విద్యను బయటికి తీసింది. ప్రోగ్రాములో తప్పును బగ్ అంటారని, బగ్ అంటే పురుగని చెప్పి, తలా ఒక కాగితం స్టిక్కర్లు పంచింది. ఒక్కొక్కటీ ఆరుద్ర పురుగంత ఎర్రగా, ముద్దుగా ఉంది.

"తప్పు కనిపించిన చోట అంటించండి. ఆ తప్పు ఎవరిదో వాళ్ళే సరిదిద్దాలి. సరయ్యాక, అంటించినవాళ్ళే పీకాలి. ఇంకెవరూ ముట్టుకోకూడదు."

తప్పు ప్రోగ్రాములో మాత్రమే వెతకాలని ఆమె చెప్పలేదు. ఎంత టెస్టరైనా, తన మాటల్ని తాను పరీక్షించుకోలేదు.

మొదటి పురుగు గోడ గడియారం మీద వాలింది, ఆలస్యంగా నడుస్తోందని. రెండోది త్రివేణి చేతిరాత మీద. ఇంటర్వెల్‌లో పిల్లలు క్యాంటీన్ మీద పడ్డారు. నూడుల్స్ కొట్టు బోర్డు మీది బొమ్మలో బోలెడు రొయ్యలు, గిన్నెలో ఒక్కటి. బోర్డు మీద ఆ బొమ్మ కనపడకుండా పోయింది, అన్ని పురుగులు. మర్నాడు ప్రార్థన సమయంలో ప్రిన్సిపాల్ ఉపన్యాసం ముగించి మెట్లు దిగుతుంటే, పృథ్వీ ఎదురెళ్ళి ఆయన టై మీద ఒకటి అంటించాడు.

"ఇదేమిటి?" అన్నాడాయన.

"సర్, యు సే లాస్ట్ పాయింట్, దెన్ గాట్ సమ్ మోర్ పాయింట్. దెన్ సమ్ మోర్. ఇన్ఫినిట్ లూప్ లా, సర్. నెవర్ స్టాప్."

ఆయనకు కోపం రాలేదు. అంతకన్నా ప్రమాదం, ముచ్చటేసింది. బడి మొత్తానికీ పురుగుల వారోత్సవం ప్రకటించాడు. మర్నాడు వేదికెక్కి, "గుడ్ మార్నింగ్. క్లాసులకు పోండి," అని దిగిపోయాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. పృథ్వీ గంభీరంగా వెళ్ళి టై మీది స్టిక్కర్ పీకేశాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయని త్రివేణి అందరికీ చెప్పింది.

మూడు రోజులు తిరిగేసరికి బడి గడియారంలా నడుస్తోంది. కారే కుళాయిలు కారడం మానేశాయి. నూడుల్స్ అంకుల్ గిన్నెలో రొయ్యలు ఎక్కువ వెయ్యలేక, బోర్డు మీది బొమ్మలో రొయ్యలు కనపడకుండా రంగు పూసేశాడు. సంగీతం టీచరు, శ్రుతి తప్పుతోందని చెవిపోగు పక్కన అంటించిన పురుగుతో తిరుగుతూ రహస్యంగా సాధన చేస్తోంది. ఒక్క పిల్లి మాత్రం ఇంకా చేపను పట్టలేదు. దాని సంగతి ఎవరికీ గుర్తులేదు.

పురుగులు బడి గేటు దాటి లిఫ్టుల్లోకి, బస్ స్టాపుల్లోకి, చివరికి వసుంధర ఇంట్లోకీ వచ్చాయి. "ఫైవ్ మినిట్స్" అని సోఫాలో కూర్చుని గంటైనా లేవని మహీధర్ నుదుటి మీద ఒకటి. వీడియో కాల్‌లో అడిగిందే అడుగుతున్న నానమ్మ మొహం మీద, అంటే టాబ్లెట్ మీద, ఇంకొకటి.

"అమ్మా, నీ ముక్కు మీద పురుగుందే!" అన్నాడు మహీధర్ నవ్వాపుకోలేక. అవతల తునిలో ఆవిడ కాల్ అయ్యేదాకా ముక్కు దులుపుకుంటూనే ఉంది.

వసుంధర మీద మాత్రం ఒక్కటీ వాలలేదు. లోలోపల ఆమెకు గర్వంగానే ఉంది. ఒకరోజు పొద్దున ఇడ్లీ తింటుండగా అనన్య దగ్గరికొచ్చి, బొటనవేలితో గట్టిగా నొక్కి, తల్లి చెంప మీద అంటించింది.

"ఎందుకే? నేనేం చేశాను?"

"యు ఆల్వేస్ సే 'కానీ'. నెవర్ సే బాగుంది అండ్ స్టాప్."

"చెప్తాను కదే! బాగుంది అంటాను, కానీ..." అని వసుంధర నాలుక్కరుచుకుంది. చెయ్యి చెంప మీదకు పోయింది.

"డోంట్ టచ్! రూల్ ఈజ్ రూల్ లా, అమ్మా."

రూలు పెట్టింది తనే. పీకేస్తే ఎవరూ ఏమీ అనరు. కానీ పెట్టిన రూలును మీరడం ఆమె వల్ల కాదు. ఆ చెంపతోనే ఆఫీసుకు వెళ్ళింది, మీటింగుల్లో కూర్చుంది, మేనేజరు స్లైడులో అంకె తప్పని కూడా చెప్పింది. ఇంట్లో మహీధర్ చేసిన ఉప్మా ముందు పళ్ళు బిగించి కూర్చుంది. "బాగుంది," అంది. చెమటలు పట్టాయి. "ఉప్పు," అని వంటింట్లోకి పరుగెత్తింది.

వారోత్సవం చివరి రోజున పిల్లలు తమ ప్రోగ్రాములు చూపించాలి. త్రివేణికి అప్పుడు పిల్లి గుర్తొచ్చింది. క్లాసంతా కలిసి హడావిడిగా ఏదో పేర్చారు. ప్రిన్సిపాల్, వసుంధర ముందు వరుసలో కూర్చున్నారు. తెర మీద పిల్లి ఒకడుగు వేసింది. చేప నోరు తెరిచి పిల్లిని మింగేసింది. ఆ తర్వాత చేప మ్యావ్ అనడం మొదలుపెట్టి ఆపలేదు.

అందరూ వసుంధర వైపు తిరిగారు. వసుంధర 'కానీ'ని పళ్ళ మధ్య నొక్కిపట్టింది. మెడలో నరాలు పైకి తేలాయి.

"బాగుంది," అంది. ఆగింది. నిజంగానే ఆగింది.

త్రివేణి వచ్చి ఆమెను వాటేసుకుంది. అనన్య నడుచుకుంటూ వచ్చి, మాట ప్రకారం తల్లి చెంప మీది పురుగును పీకింది. పీకి, తెర వైపు ఒకసారి చూసి, ఆలోచించి, రెండో చెంప మీద కొత్తది అంటించింది.

"ఇదెందుకే తల్లీ?"

"ఫిష్ ఏట్ ద క్యాట్, అమ్మా. అండ్ యు సెడ్ బాగుంది. నౌ యు ఆర్ లైయింగ్."

అక్కణ్ణుంచే వసుంధర ట్రెయిన్ ఎక్కి ఆఫీసుకు బయల్దేరింది. పక్క సీట్లో కూర్చున్న చైనీస్ ఆంటీ ఆమె చెంపను కాసేపు పరకాయించి, "ఏమైంది నీకు?" అని ఇంగ్లీషులో మెల్లగా అడిగింది.

"బగ్, ఆంటీ," అంది వసుంధర నీరసంగా. "మా అమ్మాయి దగ్గర నుంచి. బడంతా ఉంది."

ఇంగ్లీషులో అంటుకునే జబ్బునూ బగ్ అంటారు; ఆంటీ లేచి పక్క పెట్టెలోకి వెళ్ళిపోయింది. ఆ వెనకే వరుసంతా ఖాళీ అయింది. టాంపనీస్ స్టేషన్‌లో ఎక్కినవాళ్ళు కూడా ఖాళీ సీట్లు చూసి, ఆమెను చూసి, నిలబడే ఉన్నారు. వసుంధర కాసేపు సిగ్గుపడింది. తర్వాత హాండ్‌బ్యాగు పక్క సీట్లో పెట్టుకుని, పాయా లేబర్ వచ్చేదాకా హాయిగా కూర్చుంది.